మూడో పేజీ చూశావా?

అమ్ములూ,

నీ మెసేజ్ రాత్రి చూశాను. "పిన్నీ, ఈ కొత్త దేశంలో మా ఇంటి దగ్గర మూడు జిమ్‌లున్నాయి, ఏది మంచిది?" అని అడిగి కింద ఫొటోలు కూడా పెట్టావు. మూడూ బాగానే ఉన్నాయి. మనుషులు లేనప్పుడు తీస్తే ఏ జిమ్మైనా ఫొటోలో బాగానే ఉంటుంది.

నువ్వడిగినదానికి తర్వాత వస్తాను. ముందు నువ్వు అడగనిది చెప్పనీ. పరాయి దేశంలో జిమ్‌లో చేరడం ఎలాగో కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడే నవ్వుతూ చెప్తాడు. మానేయడం ఎలాగో మాత్రం మనమే అడిగి తెలుసుకోవాలి. నేను అడగలేదు.

మొదటిసారి బయటి దేశం వెళ్ళినప్పుడు రెండో వారంలోనే చేరిపోయాను. అప్పటికి ఆ భాషలో నమస్కారం చెప్పడం, థాంక్స్ చెప్పడం తప్ప ఏమీ రాదు. నాలుగు పేజీల కాగితం. కౌంటర్లో ఉన్న అమ్మాయి వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను. ఏడు నెలలకు ఆఫీసువాళ్ళు వేరే ఊరికి మార్చారు. మానేస్తున్నానని చెప్పడానికి వెళ్తే, ఆ అమ్మాయే నా కాగితం తీసి, మూడో పేజీ తిప్పి, చిన్న అక్షరాల మధ్య ఒక అంకె మీద వేలు పెట్టింది. 24. భాష రాకపోయినా అంకె అర్థమైంది. రెండేళ్ళు. ఇంకా పదిహేడు నెలల డబ్బు బాకీ.

నా తెలివి ఇక్కడితో ఆగలేదు. బ్యాంకు ఖాతా మూసేస్తే వాళ్ళే ఊరుకుంటారనుకున్నాను. ఖాతా పోయినా కాంట్రాక్టు పోదు. కొన్నాళ్ళకు బాకీలు వసూలు చేసే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, అసలుకు ఖర్చులు కూడా కలిపి. పరాయి దేశంలో మన పేరు మీద అలాంటిది ఒకటుంటే ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు కూడా అడ్డం పడుతుంది. ఇప్పటికీ నేను ఏ కాగితం మీద సంతకం పెట్టబోయినా మీ బాబాయి "మూడో పేజీ చూశావా?" అంటారు. నవ్వరు కూడా, మామూలుగా అడిగినట్టే అడుగుతారు.

ఊరు మారితే కాంట్రాక్టు దానంతటదే రద్దవుతుందని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. అది దేశాన్ని బట్టి ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆ జిమ్ శాఖలన్నింటికీ 25 మైళ్ళ అవతలికి ఇల్లు మారితే మానేసే హక్కు చట్టమే ఇచ్చింది, చేరిన మూడు రోజుల్లోపు మనసు మారినా రద్దు చేసుకోవచ్చు. జర్మనీలో అలా కాదు. ఉద్యోగం వల్ల ఊరు మారాల్సి వచ్చినా సరే, ఇల్లు మారడం ఒక్కటే కాంట్రాక్టు తెంచుకోవడానికి కారణం కాదని అక్కడి పై కోర్టు 2016లో చెప్పేసింది. అదే జర్మనీలో 2022 మార్చి 1 నుంచి రాసుకునే కాంట్రాక్టులకు ఒక మేలు జరిగింది. మొదటి గడువు అయిపోయాక అది చెప్పాపెట్టకుండా ఇంకో ఏడాదికి పొడిగింపు కాదు, నెల నోటీసు ఇచ్చి ఎప్పుడైనా వచ్చేయొచ్చు. కానీ ఆ మొదటి గడువు రెండేళ్ళ దాకా ఉండొచ్చు, అది మర్చిపోకు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఇంకో చిత్రం ఉంది. ఆన్‌లైన్లో చేరితే మామూలుగా 14 రోజుల్లో వెనక్కి తగ్గే హక్కుంటుంది, జిమ్‌కే వెళ్ళి కౌంటర్ దగ్గర సంతకం పెడితే ఆ హక్కు ఉండదు. మన ఆలోచనకు పూర్తిగా తిరగబడి ఉంది కదా!

కాబట్టి కాంట్రాక్టును ఫోన్ కెమెరాతో ఫొటో తీసి, అనువాదం చేయించుకుని ఇంట్లో కూర్చుని చదువు. కాగితం ఇంటికి ఇవ్వమంటే ఇవ్వని జిమ్‌ను అక్కడే వదిలేయ్. కనీసం ఎన్నాళ్ళు ఉండాలి, ఎన్నాళ్ళ ముందు నోటీసు ఇవ్వాలి, నోటీసు ఈమెయిల్‌లో ఇస్తే చెల్లుతుందా, పోస్టులోనే పంపాలా అన్నవి వెతుకు. గడువు నీ వీసా తేదీ దాటి పోతోందేమో చూసుకో. వీసా ఎనిమిది నెలలకు అయిపోతుంటే ఏడాదికి ఎంత తక్కువకిచ్చినా మనకెందుకు? నెలకు కాస్త ఎక్కువైనా, ఏ నెలకా నెల కట్టేదే కొత్తగా వెళ్ళినవాళ్ళకు మేలు. "ఈ ఆఫర్ ఇవాళ్టితో ఆఖరు" అంటారు. వచ్చే వారం కూడా అదే ఆఖరు.

ఇక మూడింటిలో ఏది అంటే, నువ్వు నిజంగా వెళ్ళే టైములో వెళ్ళి చూడు. ఆదివారం పొద్దున పదకొండింటికి కాదు. మంగళవారం ఆఫీసు అయ్యాక, ఆకలితో, బ్యాగు భుజాన వేసుకుని, ఆ చిరాకుతోనే వెళ్ళు. చాలాచోట్ల రద్దీ సాయంత్రం ఆఫీసులు వదిలాకే. భుజాల మీద బరువు పెట్టుకుని గుంజీలు తీసే స్టాండు (స్క్వాట్ రాక్) దగ్గర ఎంతమంది కాచుకుని ఉన్నారో లెక్కపెట్టు. బట్టలు మార్చుకునే గది, స్నానాల గది చూడు. ఒక జిమ్ ఎలాంటిదో ముందు హాల్లోని అద్దాలు చెప్పవు, స్నానాల గదిలో నీళ్ళు పోయే జాలీ చెప్తుంది. తుడిచే మనిషి కనిపిస్తే ఇంకా మంచిది. రాత్రిపూట ఉద్యోగులు లేకుండా కార్డుతో తలుపు తీసుకునే జిమ్ అయితే, ఒంటరిగా ఉన్నప్పుడు ఏదైనా జరిగితే ఎవరిని పిలవాలో అడుగు. గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే పెట్టె గోడకు ఎక్కడ తగిలించారో కూడా చూసుకో. ఆ దేశపు ఎమర్జెన్సీ నంబరు ఫోన్లో ఉందా? యూరప్‌లో 112, అమెరికాలో 911.

దూరం సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. ఇంటికీ ఆఫీసుకూ మధ్య దారిలో ఉన్నదైతే వెళ్తావు, దారి మళ్ళాల్సినదైతే మానేస్తావు.

కిలోలూ పౌండ్లూ సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి దండగ. నేను పౌండ్ల దేశంలో బరువులెత్తడం నేర్చుకుని, తర్వాత కిలోల దేశానికి వెళ్ళాను. మొదటి రోజు బెంచ్ ప్రెస్‌కి, అంటే బెంచీ మీద పడుకుని బరువును ఛాతీ మీంచి పైకెత్తడానికి, అలవాటుగా బార్‌కి (బరువులు తగిలించే ఇనప కడ్డీకి) అటొకటి, ఇటొకటి పది అని రాసి ఉన్న ప్లేట్లు తగిలించాను. కాస్త బరువనిపించింది, ప్రయాణపు అలసట అనుకున్నాను. నాకు అలవాటైనది 45 పౌండ్ల బార్, దాని మీద 20 పౌండ్లు. అంటే ముప్ఫై కిలోలు కూడా లేదు. ఇక్కడ బార్ 20 కిలోలు, రెండు ప్లేట్లూ కలిపి 20 కిలోలు, మొత్తం నలభై. బార్ ఛాతీ మీదికి దిగింది, ఇక లేవలేదు. సాయం చెయ్యమని అడగడానికి ఆ భాషలో మాట రాదు. నోట్లోంచి "అమ్మో" అని ఒక్కటే వచ్చింది. అది ఎవరికైనా అర్థమవుతుంది కాబోలు, పక్క బెంచీ మీదావిడ చటుక్కున లేచి వచ్చి బార్ పట్టుకుంది. బార్‌ని స్టాండు మీద పెట్టాక, ప్లేటు మీద అంకె పక్కన కేజీ అని రాసి ఉన్నచోట గోటితో టకటకా కొట్టి చూపించింది.

ఆ తర్వాత ప్రతి గురువారం ఇద్దరం కలిసే చేసేవాళ్ళం. మాటలు దాదాపు లేవు. నేను ఎత్తుతుంటే ఆవిడ తన భాషలో లెక్కపెట్టేది. పది దాకా అంకెలు నాకు అలా వచ్చాయి. పదకొండు ఇప్పటికీ తెలీదు, మేం పదికే ఆపేవాళ్ళం మరి.

నువ్వు మొదటి వారం అన్నీ సగానికి తగ్గించి మొదలుపెట్టు. కిలో అంటే 2.2 పౌండ్లు. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో వాడే రబ్బరు ప్లేట్లయితే రంగు చూసి చెప్పొచ్చు. ఎరుపు 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. కానీ మామూలు జిమ్‌లో నల్లవే ఎక్కువ, కాబట్టి అంకె పక్కన ఏముందో చూడు. కొన్ని చోట్ల 15 కిలోల బార్ కూడా ఉంటుంది, కొంచెం సన్నగా. మెషీన్ల మీది అంకెల్ని మాత్రం నమ్మకు, ఒక కంపెనీ ముప్ఫై ఇంకో కంపెనీ ముప్ఫైలా ఉండదు.

ఆ దేశపు భాషలో మూడు మాటలు బట్టీ పట్టి వెళ్ళు. "ఇది వాడుతున్నారా?", "ఇంకా ఎన్ని సెట్లున్నాయి?", "కాస్త పట్టుకోండి." మూడోది ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మర్యాదలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. జపాన్‌లో చాలా జిమ్‌లు లోపలికి వేరే బూట్లు తెచ్చుకోమంటాయి, ఒంటి మీద పచ్చబొట్టుంటే రానివ్వనివీ ఉన్నాయి. కొన్ని దేశాల్లో తువాలు పరచకుండా బెంచీ మీద కూర్చుంటే లేపేస్తారు. అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ, తప్పు చేస్తే చూసేవాళ్ళు ఎక్కువ. మొదటి రోజు ఓ పది నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ నలుగురూ ఏం చేస్తున్నారో గమనించు. ఆడవాళ్ళకు వేరే గది, వేరే వేళలు ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడకు. ఉంటే నీకిష్టమైతే వాడుకో, లేకపోతే లేదు.

చేరేటప్పుడు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. అన్నింటికీ "లేదు" అని టిక్కు పెట్టేయకు. నీ మోకాలి సంగతి రాయి. ఆ ఫారం కింద సాధారణంగా, దెబ్బ తగిలితే బాధ్యత మాది కాదన్న వాక్యం ఉంటుంది. నీ ఇన్సూరెన్స్ అలాంటి దెబ్బలకు ఇస్తుందో లేదో ఒకసారి కనుక్కో.

అసలు జిమ్మే కావాలా అని కూడా ఆలోచించు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు పని. చురుగ్గా నడవడం కూడా ఆ నిమిషాల్లోకే వస్తుంది, దానికి ఎవరి కాంట్రాక్టూ అక్కర్లేదు. మునిసిపాలిటీ నడిపే జిమ్ ఉందేమో, మీ ఆఫీసువాళ్ళు జిమ్ డబ్బులో కొంత ఇస్తారేమో అడిగావా? నువ్వు పంపిన మూడూ పెద్ద బోర్డులున్నవే. నాకు ఎక్కువగా కలిసొచ్చినవి బోర్డు కూడా సరిగ్గా కనపడని మునిసిపాలిటీ జిమ్‌లే. మెషీన్లు పాతవి, కానీ ఏ రోజుకా రోజు కట్టి వెళ్ళొచ్చు.

ఫొటోల్లో రెండోది, కిటికీలున్నది, నాకు నచ్చింది. మంగళవారం వెళ్ళి చూసి, కాంట్రాక్టు ఫొటోలు నాకు పంపు. నాలుగు పేజీలూ పంపు. మీ బాబాయి కూడా చూస్తానంటున్నారు. అప్పటిదాకా సంతకం పెట్టకు.

పిన్ని