గంటల తరబడి గేమ్ ఆడటానికి ఎలాంటి సరౌండ్ సౌండ్ హెడ్‌సెట్ తీసుకోవాలి?

డబ్బా మీద 7.1 అని (అంటే చుట్టూ ఏడు స్పీకర్లు, బాస్‌కి ఇంకొకటి ఉన్నట్టు వినిపించే సరౌండ్ సౌండ్) ఉంటే మురిసిపోకండి. ఇలాంటి హెడ్‌సెట్లలో చాలావాటికి చెవికొకటి చొప్పున రెండే స్పీకర్లు ఉంటాయి. శబ్దం రెండు చెవులకూ చేరడంలో ఉండే సూక్ష్మమైన తేడాలను సాఫ్ట్‌వేర్ అనుకరిస్తుంది. దాంతో అడుగుల చప్పుడు వెనక నుంచి వచ్చినట్టు అనిపిస్తుంది. ఆ పని విండోస్ 10, 11లలో ఉచితంగా ఉండే విండోస్ సోనిక్ కూడా చేస్తుంది. ప్లేస్టేషన్ 5లో అయితే మామూలు స్టీరియో హెడ్‌సెట్‌కే 3డి ఆడియో వస్తుంది. గేమ్‌లోని సరౌండ్, హెడ్‌సెట్‌లోని సరౌండ్ రెండూ ఆన్ చేస్తే శబ్దం గందరగోళమవుతుంది, ఒక్కటే ఉంచండి.

అందుకే నేనైతే డబ్బు సౌకర్యం మీదే పెడతాను. బరువు 300 గ్రాముల లోపు ఉంటే మెడకు హాయి. కప్పు చెవి మీద కూర్చోకుండా చెవి మొత్తాన్ని చుట్టాలి. తోలులాంటి కుషన్ బయటి శబ్దాన్ని బాగా ఆపుతుంది గానీ చెమట పట్టిస్తుంది. గుడ్డ కుషన్‌కి గాలి ఆడుతుంది. కళ్లద్దాలుంటే గట్టిగా బిగిసేది వద్దే వద్దు, అరగంటకే కణతలు నొప్పి పుడతాయి.

వైర్‌లెస్ కావాలంటే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ (యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న రిసీవర్) ఉన్నది చూడండి. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది.