పాఠకుల ప్రశ్నలు: చాటింపు వేసిన గొంతు, సొంత రేడియో

ప్రశ్న: మా మేనకోడలు ఒక కమ్యూనిటీ రేడియో కేంద్రంలో, అంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్ల కోసం వాళ్లతోనే నడిచే చిన్న రేడియోలో, స్వచ్ఛందంగా పని చేయడానికి చేరింది. పల్లెల్లో తిరిగి పాటలు రికార్డు చేసి ప్రసారానికి సిద్ధం చేయడమే తన పని అంటుంది. సామాజిక న్యాయం కోసమే ఈ పని అని కూడా అంటుంది. ఆకాశవాణి ఉంది, ప్రైవేటు ఎఫ్‌ఎంలు ఉన్నాయి, ప్రతి చేతిలో సెల్‌ఫోన్ ఉంది. ఇన్ని ఉండగా నాట్ల పాటలు, కలుపు పాటలు వినిపించే చిన్న రేడియో ఎవరికి ఏం న్యాయం చేస్తుందో నాకు బోధపడలేదు. — ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రేడియో సంగతి కాసేపు పక్కన పెట్టి, అది రాకముందు మన ఊళ్లలో కబురు ఎలా పాకేదో గుర్తు చేసుకోండి. శిస్తు కట్టే గడువు ముగుస్తోందన్నా, జాతర ఫలానా రోజన్నా, చెరువు తూము ఎత్తుతున్నారన్నా డప్పు మోగేది, ఆ వెనకే చాటింపు వినిపించేది. ఆ డప్పు కొట్టి, ఆ చాటింపు వేసినవారు దళితులు. చాలా చోట్ల అది కూలి లేని వెట్టి. ఊరి ప్రసార వ్యవస్థ అంతా వారి చేతుల మీద, వారి గొంతు మీద నడిచింది కాని, ఆ గొంతులో పలికిన మాట మాత్రం దొరది, పటేలుది, పట్వారీది. కమ్యూనిటీ రేడియోను కొలవడానికి నేను ఎప్పుడూ ఈ చాటింపునే కొలతగా పెట్టుకుంటాను. గొంతు ఎవరిదో మాట కూడా వారిదైనప్పుడే ఏదో మారిందని ఒప్పుకుంటాను.

ఆ మార్పు కనబడిన చోటు మనకు దగ్గరలోనే ఉంది. నేటి సంగారెడ్డి జిల్లా, ఒకనాటి మెదక్ జిల్లా, జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఊరూరా ఏర్పరచిన మహిళా సంఘాల రేడియో అది. సంఘాల్లోని వారిలో ఎక్కువ మంది దళిత మహిళలు, మెట్ట చేల మీద బతికేవారు. కేంద్రాన్ని నడిపిన జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ కూడా వారి నుంచి వచ్చినవారే. రోజూ రాత్రి ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా ప్రసారం. చేను నుంచి వచ్చి, పొయ్యి దగ్గర పని ఒక కొలిక్కి వచ్చిన ఆడవాళ్లకు వీలయ్యే వేళ అది. వేళ ఎంపికలోనే శ్రోత ఎవరో తెలిసిపోతుంది.

స్టూడియో అంతకు దాదాపు పదేళ్ల ముందే, యునెస్కో తోడ్పాటుతో సిద్ధమైంది. తరంగాల మీదికి వెళ్లే అనుమతి లేక, ఆ ఏళ్లన్నీ పాటలూ ముచ్చట్లూ క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో కూడా కథ ఇలాగే నడిచింది. ప్రభుత్వ రేడియో వినిపించని స్థానిక సంగీతాన్ని, కవిత్వాన్ని వర్ణవివక్ష రోజుల్లో క్యాసెట్లుగా పంచిన ఒక బృందం నుంచే అక్కడి బుష్ రేడియో పుట్టింది. వారు 1993లో అనుమతి లేకుండానే ప్రసారం చేశారు, పోలీసులు పరికరాలు పట్టుకుపోయారు, 1995లో లైసెన్సు వచ్చింది. మాచ్‌నూరు మహిళలు చట్టం తలుపు తీసేదాకా ఆగారు. ఓపిక విషయంలో ఎవరు గొప్ప అని అడిగితే నేను తీర్పు చెప్పలేను.

తీర్పు అన్నాను కనుక ఒక పిట్టకథ. మన దేశంలో ఆ తలుపు తెరుచుకోవడానికి మూలం ఒక క్రికెట్ పోటీ. 1993 హీరో కప్ మ్యాచ్‌ల ప్రసార హక్కుల మీద తగవు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1995 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని, ప్రసారం మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదని తేల్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి.సావంత్‌తో పాటు మన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. అయినా ప్రభుత్వం మొదట విద్యాసంస్థలకే అనుమతి ఇచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు వీలు కలిగింది 2006 నవంబరులో. ఆ తీర్పు వచ్చిన పదమూడేళ్లకు సంఘం రేడియోను ప్రారంభించడానికి మాచ్‌నూరు వచ్చినవారు జస్టిస్ సావంతే.

ఇక పాట సంగతి. జహీరాబాద్ మెట్ట చేలలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుములు కలిపి వేస్తారు. ఏ గింజ ఏ నేలకు ఓర్చుకుంటుందో, ఏది ముందు కోతకు వస్తుందో అక్కడి ఆడవాళ్లు పుస్తకంలో చదవలేదు, పాటలో విన్నారు. పత్తి, చెరకు వచ్చి ఆ పంటలను పక్కకు నెట్టినప్పుడు పంటతో పాటు పాట కూడా వెనకబడింది, పాడినామె కూడా తెలివి తక్కువదానిగా లెక్కకు వచ్చింది. అదే పాట రేడియోలో వచ్చినప్పుడు, పొరుగూరి వాళ్లు ఆమెను వెతుక్కుంటూ విత్తనం కోసం వస్తే, ఆమె జ్ఞానానికి విలువ కట్టినట్టే. దీన్ని నేను న్యాయం అనే అంటాను. కోర్టులో దొరికేది ఒక్కటే న్యాయమని మీరు అనుకుంటే తప్ప, మీ మేనకోడలు చేస్తున్నది ఆ పనే.

పైగా మన పాటల అల్లిక కూడా ఇందుకు అనువుగా ఉంటుంది. బతుకమ్మ పాటనే చూడండి. ఒకరు చరణం ఎత్తుకుంటారు, తక్కిన వారంతా ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. వేదిక లేదు, ప్రేక్షకులు వేరుగా లేరు, కొత్త చరణం కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో దొరల దౌర్జన్యం ఈ ‘ఉయ్యాలో’ వరుసలోకే ఎక్కింది. పంటల సంగతి, కూలి సంగతి, కల్లు తాగి వచ్చిన మొగుడి సంగతి కూడా అందులో ఇమిడిపోతాయి.

ప్రశ్న: మా యువజన సంఘం కమ్యూనిటీ రేడియో పెట్టాలనుకుంటోంది. సినిమా పాటలు లేకపోతే ఎవరూ వినరని కొందరు, వార్తలు చెప్పనివ్వరు కనుక అన్యాయం గురించి మాట్లాడటమే కుదరదని కొందరు నిరుత్సాహపరుస్తున్నారు. నిజమేనా? — ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: ముందుగా అర్హత చూసుకోండి. మీ సంఘం లాభాపేక్ష లేనిదై ఉండాలి, రిజిస్టరై కనీసం మూడేళ్లు పని చేసి ఉండాలి. వ్యక్తులకు, రాజకీయ పార్టీలకు, వాటి అనుబంధ సంఘాలకు అనుమతి ఇవ్వరు. ప్రసార శక్తి 100 వాట్లు, అంటే మామూలుగా చుట్టూ పది, పదిహేను కిలోమీటర్ల మేర వినబడుతుంది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల పాలుపంచుకోలుతో తయారు కావాలి, వీలైనంత వరకు స్థానిక భాషలో, యాసలో ఉండాలి. ఈ చివరి నియమాన్ని రాసినవారికి నేను మనసులోనే దండం పెట్టుకుంటాను. ఎందుకంటే మన దగ్గర మైకు ముందుకు రాగానే మనిషి తన మాట వదిలి పాఠ్యపుస్తకం మాట ఎత్తుకుంటాడు.

ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక పల్లెలో ఒక పెద్దమ్మ దగ్గర పాట రికార్డు చేయబోయి, చప్పుడు ఉండకూడదని ఆమెను ఒక గదిలో కుర్చీలో కూర్చోబెట్టాను. రెండు చరణాలకే పాట ఆగిపోయింది, ‘యాదికొస్తలేదు బిడ్డా’ అంది. కాసేపటికి తనే లేచి వాకిట్లోకి వెళ్లి, చాటలో జొన్నలు పోసుకొని చెరగడం మొదలుపెట్టింది. చెరుగుడు ఊపు అందుకోగానే పాట ఎక్కడ తెగిందో అక్కడి నుంచి అరగంట పాటు సాగింది. ఆ చాట చప్పుడును తీసేయాలని నాకు ఆ తర్వాత ఎప్పుడూ అనిపించలేదు. మీ వాళ్లకు నేర్పవలసిన మొదటి పాఠం అదే. స్టూడియోకు పాటను తేవద్దు, రికార్డరు పట్టుకొని పాట దగ్గరికే వెళ్లాలి.

సినిమా పాటలకు నిషేధం లేదు, కాని రచనకు, సంగీతానికి, రికార్డింగుకు వేర్వేరు హక్కులుంటాయి, వాటి లైసెన్సు రుసుము చిన్న కేంద్రానికి భారం. ప్రకటనలకు గంటకు 12 నిమిషాల దాకా ఇప్పుడు వీలుంది కాబట్టి కొంత రాబడి వస్తుంది. అయినా పక్కనే ప్రైవేటు ఎఫ్‌ఎం రోజంతా వినిపించే పాటనే మీరూ వినిపిస్తే మీ దగ్గరికి వచ్చేదెవరు? పరంపరగా వచ్చిన పాటకు కర్త తెలియకపోయినా, పాడిన మనిషికి తన గానం మీద కాపీరైటు చట్టం 50 ఏళ్ల హక్కు ఇస్తోందని మరవవద్దు. పాడినామెను అడగాలి, ఎందుకు వాడుతున్నామో చెప్పాలి, ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోవాలి. పల్లె పాట పట్నం వెళ్లి ఎవరి పేరు మీదో చెలామణి కావడం మనం చూస్తూనే ఉన్నాం కదా.

వార్తల విషయంలో మీవాళ్లు చెప్పింది నిజమే. సొంత వార్తలు, రాజకీయ కార్యక్రమాలు కుదరవు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా, లేదా స్థానిక భాషలోకి తెచ్చి వినిపించవచ్చు. ఇది న్యాయమైన నియమం కాదనే నేను అనుకుంటాను. వీధిలో ప్రతి ఫోనూ వార్త చెబుతున్న కాలంలో, పది ఊళ్లకు వినిపించే రేడియో తన పంచాయతీ సంగతి చెప్పకూడదనడంలో అర్థం లేదు. అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. కరెంటు, నీళ్లు, వానలు, పరీక్షలు, కొలువుల సమాచారం, పండుగలూ జాతరలూ వార్తల కిందికి రావు. ఉపాధి హామీ కూలి ఎంత, అందకపోతే ఎవరికి అర్జీ పెట్టాలి అన్నది సమాచారమే. ఇక హోటల్లో తనకు వేరే గ్లాసు పెట్టిన రోజును ఒక ముసలాయన, ఎవరి పేరూ ఎత్తకుండా, తన బతుకు కథగా చెబితే అది అనుభవమవుతుంది. వినేవాళ్లకు ఏ హోటలో తెలుసు.

ప్రశ్న: జానపదం అంటూ ఆకాశానికి ఎత్తుతున్నారు. మా ఊరి పాటల్లోనే కొన్ని కులాల వారిని, ఆడవాళ్లను చులకన చేసేవి ఎన్నో ఉన్నాయి. వాటినీ ప్రసారం చేయాలా? — ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: చేయనక్కర లేదు. మీరు అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఈ మాట పాటల సేకరణకు వెళ్లేవారు సాధారణంగా దాటవేస్తారు. స్త్రీలను కించపరిచేవి, ఒక వర్గాన్ని అవమానించేవి ప్రసారం చేయకూడదని నిబంధనలే చెబుతున్నాయి. కాని రికార్డు చేయడం వేరు, వినిపించడం వేరు. రికార్డు చేసి భద్రపరచండి. వినిపించాలా వద్దా అన్నది ఆ పాటలో చులకనైన వారే తేల్చనివ్వండి. వారు వినిపించమంటే, పాట ముగిశాక వారి మాటకే మైకు ఇవ్వండి.

మరో సంగతి. అదే జానపదంలో ఎదురు కథ కూడా ఉంది. చిందు బాగోతులు మాదిగ వాడల్లో ఆడే జాంబ పురాణం, మాదిగల మూలాన్ని సృష్టి మొదట్లోనే పుట్టిన జాంబవంతుడి దాకా తీసుకుపోతుంది. పుట్టుకను బట్టి కిందివాడన్న వాదాన్ని అది పుట్టుక కథతోనే తిప్పికొడుతుంది. మీ జిల్లాలో ఇలాంటి ఎదురు కథలు ఎవరి దగ్గర మిగిలి ఉన్నాయో ముందు వెతకండి. దొరికినప్పుడు పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నదీ వారి గొంతుతోనే పాట మొదట్లో చెప్పించి రికార్డు చేయండి. తర్వాత ఎవరు ఎక్కడ కత్తిరించి వాడుకోబోయినా ఆ పేరు అడ్డం వస్తుంది.