జిమ్ డబ్బు పోతే పోనీ, అమ్మలూ

అమ్మలూ,

నిన్న నీ ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఏడాది జిమ్ డబ్బు ఒకేసారి కట్టి, పదకొండు రోజులు వెళ్లి మానేశానని, నాలో పట్టుదలే లేదని ఏడ్చినంత పని చేశావు. డెబ్భై ఏళ్లు వచ్చినా నువ్వు రోజూ ఎలా నడుస్తున్నావు అమ్మమ్మా అని అడిగావు. ఫోనులో చెబితే సగం చెవిన పడదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

డబ్బు పోతే పోనీ. నీకు పట్టుదల లేకపోవడం కాదు, మొదటి రోజే మోయలేని బరువు ఎత్తుకున్నావు. ఏడు దాటాక ఆఫీసు నుంచి వచ్చి, మళ్లీ బండి తీసి, హైదరాబాదు ట్రాఫిక్‌లో పడి వెళ్లి, గంటసేపు కసరత్తు చేసి, తిరిగొచ్చి వండుకోవాలంటే ఎవరికైనా ఎన్నాళ్లు సాగుతుంది? ఒంట్లో బాగా లేని రోజున, మనసు బాగా లేని రోజున కూడా చేయగలిగినంత చిన్న పనే అలవాటుగా నిలుస్తుంది. ఇది నాకు మీ తాతయ్య వల్ల తెలిసింది.

తాతయ్య సంగతి నీకు సగమే తెలుసు. ఎడమచేత్తో నీకు గోరుముద్దలు పెట్టిన మనిషే నీకు గుర్తు. ఆయనకు నలభై నాలుగేళ్లప్పుడు ఒక ఆదివారం ఇంట్లోనే నేను బీపీ చూశాను. 160/100 ఉంది. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. డాక్టరు రాసిన మాత్రలు మూడు నెలలు వేసుకున్నారు. మళ్లీ చూస్తే బీపీ తగ్గింది. తగ్గింది కదా అని మానేశారు. ఆ తగ్గడం మాత్ర వల్లేనని, మానితే మళ్లీ పెరుగుతుందని నేను గట్టిగా చెప్పలేదు. ఏఎన్‌ఎం నర్సుగా ఊరూరా తిరిగి అందరికీ చెప్పే మాట ఇంట్లో ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. ఆరేళ్లకు, నువ్వు పుట్టే ముందు ఏడాది, పక్షవాతం వచ్చి ఆయన కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆస్పత్రి నుంచి వచ్చాక రోజూ నడిపించమన్నారు. పొద్దున కాఫీ తాగి గ్లాసు కింద పెట్టగానే చెప్పులు తొడిగి, భుజం పట్టుకుని కాలువ రేవు దాకా తీసుకెళ్లేదాన్ని. రెండు వందల అడుగులు ఉంటుందేమో. అంతకంటే ఆయన వల్ల అయ్యేది కాదు. రేవులో కాసేపు కూర్చుని వచ్చేవాళ్లం. రెండు నెలలకు వంతెన దాకా, ఏడాది తిరిగేసరికి లాకుల దాకా వెళ్లాం. మోపెడ్ కొన్నాక నేను తొమ్మిది కిలోలు పెరిగి, మన అరుగు మెట్లెక్కితే ఆయాసపడేదాన్ని. ఆ ఆయాసం ఎప్పుడు పోయిందో గమనించనే లేదు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. గ్లాసు కింద పెడితే కాళ్లు ఇప్పటికీ చెప్పుల దగ్గరికే వెళతాయి.

కాబట్టి నీ నడకను నువ్వు రోజూ ఎలాగూ చేసే పనికి కట్టు. రాత్రి భోజనం చేసి కంచం కడగగానే మీ అపార్ట్‌మెంట్ చుట్టూ పది నిమిషాలు చాలు. తిన్న వెంటనే నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. మీ అమ్మకు షుగర్ ఉంది కాబట్టి నీకు ఆ పది నిమిషాలు బంగారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నిమిషాలు చురుకైన నడక ఉండాలంటుంది. ఆ లెక్క దగ్గరికి ఆరు నెలల్లో చేరు, మొదటి వారమే వద్దు. కుక్కర్ కూత వేసేలోగా గుంజీళ్లు తియ్యి. చిన్నప్పుడు వినాయకుడి ముందు తీసిన గుంజీళ్లే. గోడకు రెండు చేతులు ఆనించి తోస్తూ పదిసార్లు ముందుకూ వెనక్కూ ఊగు. నీకిప్పుడు ఇరవై ఆరు. ఎముక ముప్ఫై ఏళ్ల లోపే గట్టిపడాల్సినంత గట్టిపడుతుంది, ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే. కండ కూడా ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ వస్తుంది. స్నానాల గదిలో జారి తొడ ఎముక విరిగి, మళ్లీ మంచం దిగని ముసలివాళ్లను నేను చాలామందిని చూశాను. పీట మీద నుంచి చేయి ఆనించకుండా లేవగలిగే బలం ఇప్పటి నుంచే పోగు చేసుకో.

మన కాలువల సంగతి నీకు తెలుసు కదా. ఏటా వేసవిలో కట్టేసి పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు, గట్లు చూస్తారు. జూన్‌లో నీళ్లు వదిలాక, చేలల్లో ఊడ్పులు పడ్డాక గండి పడితే ఎంతమంది పరుగెత్తినా కొంత పంట పోతుంది. ఒంటికీ ఏడాదికొక రోజు అలా పెట్టుకో, నీ పుట్టినరోజైతే మరిచిపోవు. బీపీ చూపించుకునేటప్పుడు అరగంట ముందు నుంచి కాఫీ తాగకు. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చో, వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తున ఉండాలి. హడావిడిగా మెట్లెక్కి వచ్చి చూపించుకున్న బీపీని లెక్కలోకి తీసుకోవద్దు. రెండు వేర్వేరు రోజుల్లో 140/90 దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లు. పరగడుపున చక్కెర 100 దాటితే జాగ్రత్త పడాలి, 126 గానీ ఆ పైన గానీ ఉంటే మళ్లీ పరీక్ష చేసి షుగర్ అని తేల్చుకోవాలి. టేపు పెట్టి నడుము కొలుచుకో, మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు మించకూడదు. ముప్ఫై దాటితే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు కూడా చూస్తారు. సిగ్గుపడి ఆ చివరి పరీక్ష ఎగ్గొట్టిన వాళ్లను చూశాను కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను, నువ్వు ఎగ్గొట్టకు.

తిండి దగ్గర మన గోదావరి జిల్లాల వాళ్లకు ఒక చిక్కుంది. కంచం నిండా తెల్లన్నం, అంచున కాస్త కూర, పక్కన ఆవకాయ, అప్పడం. అన్నం మానమని నేను అనను, ఈ నేల పండించేదే అది. ఆ కంచాన్ని తిరగెయ్యి. సగం కూర ఉండాలి, పప్పో గుడ్డో చేపో పావు వంతు, మిగిలిన పావు అన్నం. ముందు కూర నాలుగు ముద్దలు తిని తర్వాత అన్నంలోకి రా. నేను దంపుడు బియ్యానికి మారినప్పుడు మొదటి వారం మింగుడు పడలేదు, ఇప్పుడు తెల్లన్నమే చప్పగా ఉంటుంది. ఉప్పు రోజు మొత్తానికి ఒక టీ చెంచాకు, అంటే ఐదు గ్రాములకు మించకూడదు. ఊరగాయ, వడియాలు, ఉప్పుచేప ఆ లెక్కలోవే. భోజనాల దగ్గర ఉప్పు గిన్నె పెట్టడం తాతయ్యకు పక్షవాతం వచ్చిన రోజు నుంచీ మన ఇంట్లో లేదు. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు పులస దొరికితే హాయిగా తిను. ఆత్రేయపురం వెళితే అక్కడే రెండు పూతరేకులు తిను, పెట్టె మాత్రం గదికి మోసుకెళ్లకు.

నువ్వు మధ్యాహ్నం తినగానే టీ తాగుతావని మీ అమ్మ చెప్పింది. ఆకుకూరలోని ఇనుమును ఆ టీ ఒంటికి సరిగా పట్టనివ్వదు. గంట ఆగి తాగు. తోటకూర, పొన్నగంటి కూర, మునగాకు తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకో. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే. నా ఉద్యోగంలో సగం కాలం ఇనుము మాత్రలు పంచడంతోనే గడిచింది, అందుకే ఈ ఒక్క విషయంలో నీ మీద కోప్పడినా కోప్పడతాను.

నిద్ర ఏడు గంటలకు తగ్గనివ్వకు. ఫోను పడక గది బయట పెట్టు. రాత్రి కూడా పళ్లు తోముకో.

ఇక మధ్యలో తెగిపోయిన రోజుల గురించి. అవి వస్తాయి. సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు, కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, ఆ హడావిడిలో నేను కిందటేడు ఐదు రోజులు నడవలేదు. ఆరో రోజున మళ్లీ రేవు దాకానే వెళ్లి వచ్చాను, లాకుల దాకా కాదు. పోయిన రోజులకు బాకీ తీర్చాలని ఒకేసారి రెట్టింపు నడవబట్టే మోకాళ్లు పట్టేస్తాయి, మళ్లీ మానేస్తాం. నువ్వు కూడా ఈ రాత్రి పది నిమిషాలతో మొదలుపెట్టు. నీ పదకొండు రోజుల గురించి మరి బాధపడకు తల్లీ.

మీ అమ్మ సామానులో ఒక బీపీ మిషన్, కొలత టేపు పంపుతున్నాను. ఆదివారం పొద్దున కాఫీకి ముందే చూసుకుని ఆ రెండు అంకెలు నాకు ఫోనులో చెప్పు. తాతయ్య అంకెలు రాసిన నోటు పుస్తకంలోనే నీ పేరున కొత్త పేజీ తీసి ఉంచాను.

ప్రేమతో,
అమ్మమ్మ