విల్లుకి డ్రాప్‌-అవే రెస్ట్ (బాణాన్ని మోసి, వదలగానే కిందకి పడిపోయే ఆధారం) పెట్టాక బాణం తోక ఊపుతోందా?

ఈ రెస్ట్ పెట్టాక బాణం తోక ఊపుతూ వెళ్తోందని రాశారు కదా, దాన్ని బట్టి రెస్ట్ ఆలస్యంగా పడుతోంది, ఈకలు దానికి తగులుతున్నాయి. కొత్త రెస్ట్ కొనకండి.

1. రెస్ట్ మీద ఫుట్ పౌడర్ స్ప్రే చేసి ఒక బాణం వదలండి. పౌడర్‌లో గీత పడితే తగులుతున్నట్టే.

2. చాలామంది వదిలేసేది టైమింగ్. మీది తాడుతో విల్లు కేబుల్‌కి కట్టే రకం కదా, తీగ (వింటినారి) పూర్తిగా లాగడానికి ఇంకా ఒకటి రెండు అంగుళాలు ఉందనగా రెస్ట్ పైకి లేవడం పూర్తవ్వాలి. ముందే లేస్తే దిగడమూ ఆలస్యమే. ఆ తాడు కాస్త వదులు చేసి మళ్లీ చూడండి. బాణం లేకుండా మాత్రం తీగ వదలొద్దు.

3. ముడి దగ్గర కేబుల్ మీద పెన్నుతో గుర్తు పెట్టండి. జారితే తెలిసిపోతుంది.

పొదల్లో తిరిగే వేటకైతే నా ఓటు విస్కర్ బిస్కెట్‌కే (బాణాన్ని చుట్టూ కుచ్చులతో పట్టి ఉంచే రెస్ట్). ఈకలు త్వరగా అరుగుతాయి, కానీ బాణం జారిపడదు.