వాన ఆగింది కదా అని వాగు దాటితే

"పిడుగులతో పెద్ద వాన పడి, ఉన్నట్టుండి వరద వస్తే ప్రాణాలు ఎలా కాపాడుకోవాలి?" అని అడిగారు. నన్నడిగితే ముందు కారు ఆపండి, మిగతావన్నీ తర్వాత. అందరూ ఆకాశం వైపు చూసి భయపడతారు, రోడ్డు మీద నీళ్లని మాత్రం లెక్క చేయరు. మేమూ చేయలేదు.

ఆరేళ్ల కిందట ఓ రాత్రి మా బావ, నేను కారులో తిరిగొస్తున్నాం. మేమున్న చోట వాన ఆగి అరగంటైంది. దారిలో ఓ వాగు, దాని మీద చప్టా. హెడ్‌లైట్ వెలుగులో నీళ్లు మట్టి రంగులో, నేల మీద పరిచినట్టు కనిపిస్తున్నాయి. లోతు తెలియట్లేదు, వేగం అసలే తెలియట్లేదు. మా ముందే ఓ లారీ దర్జాగా దాటింది.

"బావా, కాసేపు ఆగుదాం."

"లారీ పోయింది కదరా! వాన కూడా తగ్గింది."

వాన తగ్గింది మా దగ్గర. ఎగువన ఎక్కడో కుండపోతగా పడింది కాబట్టే వాగు అప్పుడు పొంగుతోంది. ఆ మాత్రం ఆలోచన ఇద్దరికీ రాలేదు.

సగం దూరం వెళ్లాక బావ చేతిలో స్టీరింగ్ తేలికైపోయింది. ఎటు తిప్పినా కారు వినట్లేదు. ఇంజిన్ నడుస్తూనే ఉంది, కారు వెనక భాగం మాత్రం మెల్లగా పక్కకి జరుగుతోంది. డోరు కింద రబ్బరు సందులోంచి నీళ్లు సన్నగా మొదలై, నిమిషంలో నా చెప్పు తేలింది. తర్వాత ధడేల్‌మని చప్టా అంచున ఉన్న రాతి దిమ్మెకి తగిలి ఆగాం. ఆ దిమ్మె లేకపోతే ఈ సమాధానం రాసేవాణ్ణి కాదు.

తర్వాత కూర్చుని లెక్కేశాను. చిన్న కారు బరువు ఓ టన్ను. దాని అడుగు సుమారు 4 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు. ఆ అడుగు దాటి నీళ్లు ఇంకో 15 సెంటీమీటర్లు లేస్తే చాలు, కారు పక్కకి నెట్టిన నీళ్ల బరువే దాదాపు టన్ను. ఆ అడుగు రోడ్డుకి ఓ 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే రోడ్డు మీద 30 సెంటీమీటర్ల నీళ్లు ఉంటే చిన్న కారు తేలుతుంది. 60 ఉంటే చాలా బళ్లు కొట్టుకుపోతాయి. నడిచే మనిషికైతే జోరుగా పారే 15 సెంటీమీటర్లు చాలు, కాళ్లు లాగేస్తుంది. లారీ లెక్క వేరు, దాన్ని చూసి మనం దిగకూడదు.

డోరు తెరుద్దామంటే బయటి నీళ్ల ఒత్తిడికి కదల్లేదు. అదృష్టం కొద్దీ అద్దాలు దిగాయి. నీళ్లు కరెంటు వైర్లకి చేరితే అవీ దిగకపోవచ్చు, అందుకే మొదట సీటు బెల్టు తీసి, వెంటనే అద్దం దించండి. పగలగొట్టాల్సి వస్తే పక్క అద్దం, అదీ మూల దగ్గర. ముందు అద్దంలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, అంత తేలిగ్గా పగలదు.

కిటికీలోంచి టాప్ మీదకి ఎక్కాం. అప్పుడు మొదలైంది అసలు టెన్షన్. దూరంగా మెరుపులు. కారు లోపలుంటే పిడుగు నుంచి రక్షణ. టైర్ల రబ్బరు వల్ల అనుకుంటారు చాలామంది, కాదు, చుట్టూ ఉన్న ఇనుప బాడీ వల్ల. ఆ బాడీ మీదే మేం కూర్చున్నాం! లోపలికి దిగితే నీళ్లు, పైనుంటే పిడుగు. బావ మెరుపు చూసి అంకెలు లెక్కపెడుతున్నాడు: "పద్దెనిమిది. అంటే ఆరు కిలోమీటర్ల దూరంరా, పర్లేదు." మూడు సెకన్లకో కిలోమీటరన్న లెక్క కరెక్టే. పర్లేదనడమే తప్పు. మబ్బుకి పది, పదిహేను కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడగలదు. ఉరుము వినిపించిందంటే మనం దాని పరిధిలో ఉన్నట్టే. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రావాలంటారు అందుకే.

ఇంకోటి, ఉరుములప్పుడు సెల్‌ఫోన్ పిడుగుని లాగుతుందని వాట్సాప్‌లో ప్రతి వానాకాలం ఓ మెసేజ్ తిరుగుతుంది. లాగదండీ. ఛార్జర్‌కి పెట్టి మాట్లాడకండి, చెట్టు కింద నిలబడకండి, ఆ టైంలో స్నానం మానండి, అంతే. పిడుగు పడిన మనిషి ఒంట్లో కరెంటు మిగలదు. ముట్టుకుంటే మనకేమీ కాదు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. భయపడి దూరంగా నిలబడి వీడియో తీసేవాళ్లని ఏమనాలో నాకు తెలియదు.

రెండు గంటల తర్వాత ఎవరో ట్రాక్టరు తెచ్చి, తాడు విసిరి లాగారు. నా చెప్పు ఒకటి వాగులోనే పోయింది.

బావ ఇప్పటికీ తప్పు ఒప్పుకోడు. "ఆ లారీ పోకుండా ఉంటే మనమూ పోయేవాళ్లం కాదు కదరా" అంటాడు.