పాత నైట్‌క్లబ్‌లో ఇళ్లు: ఆ ఫోమ్ ఉంచకండి

పాత నైట్‌క్లబ్‌ను కింద షాపులు, పైన ఇళ్లుగా మారుస్తూ, గోడలకున్న నల్ల ఫోమ్ అలాగే ఉంచితే ఆ రెండింటి మధ్య సౌండ్‌ప్రూఫింగ్ ఖర్చు కలిసొస్తుందా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక నైట్‌క్లబ్‌లో ఇలాంటి ఫోమే అంటుకుని 100 మంది చనిపోయారు. పిల్లలు నిద్రపోయే చోట అది ఉండకూడదు.

పైగా ఫోమ్ గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుందే గానీ, పై అంతస్తుకు వెళ్లే శబ్దాన్ని ఆపదు. ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. షాపు పైకప్పు కింద రబ్బరు హ్యాంగర్లతో రెండు పొరల జిప్సమ్ బోర్డు వేలాడదీసి, మధ్య ఖాళీలో రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పదార్థం) నింపండి. పైపులు, వైర్లు దూరే కన్నాలన్నీ ఫైర్ సీలెంట్‌తో (మంటను అడ్డుకునే పూతతో) మూయాలి. వేలు దూరేంత కన్నం వదిలినా పడ్డ కష్టమంతా వృథా. షాపులోంచి కాకుండా ఇళ్లకు మెట్లు విడిగా ఉండాలి.

ఇళ్లలోకి వెలుతురు సరిగా రాదేమో అన్న మీ టెన్షన్ కూడా నిజమే. ముందు బయటి గోడలు తట్టి చూడండి, ప్లాస్టర్ వెనక మూసేసిన పాత కిటికీలు దొరకొచ్చు. పడకగదులు ఆ వైపు, బాత్రూమ్‌లు, స్టోర్లు మధ్యలో పెట్టండి. అప్పటికీ చీకటైతే స్లాబ్ కోసి లైట్‌వెల్ (పైనుంచి వెలుతురు దిగే నిలువు ఖాళీ) చేయొచ్చు, కానీ స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్క చూశాకే.

పాత భవనమైతే, ఏదైనా పగలగొట్టే ముందే ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ నార) ఉందేమో పరీక్ష చేయించండి.