22 నొక్కితే ఎవరికి పడుతుంది?

సరిహద్దు జిల్లాల పాఠకుల నుంచి ఈసారి బ్రెజిల్ రాజకీయాల మీద చాలా ఉత్తరాలొచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కోలో కేంద్రం వాటాలు కొంచెం కొంచెంగా అమ్మడం చూస్తూనే ఉన్నాం. బ్రెజిల్లో కరెంటు కంపెనీని ఒక్కసారే ప్రైవేటు చేశారట. అదెలా సాధ్యం?
– ఒక పాఠకుడు, దామన్‌జోడి

జవాబు: మీరు చూస్తున్నది ప్రభుత్వం తన చేతిలోని షేర్లు అమ్మడం. మీరడిగిన కరెంటు కంపెనీ ఎలెత్రోబ్రాస్‌లో దారి వేరు. 2022 జూన్‌లో, కుడిపక్ష అధ్యక్షుడు బొల్సొనారో హయాంలో, కంపెనీ చేత కొత్త షేర్లు జారీ చేయించారు, ఒక్కొక్కటి 42 రెయాల్‌లకు (అక్కడి కరెన్సీ). ప్రభుత్వం మాత్రం కొత్తవి కొనకుండా ఊరుకుంది. మజ్జిగలో నీళ్లు పోసినట్టే. గిన్నెలో మజ్జిగ అంతే ఉంది గానీ చిక్కదనం పోయింది. ప్రభుత్వ వాటా సగం కంటే కిందికి దిగింది. దీనికి తోడు ఎంత వాటా ఉన్నా ఎవరికీ 10 శాతానికి మించి ఓట్లు ఉండవన్న నిబంధన పెట్టారు. దాంతో సుమారు 40 శాతం వాటా ఉన్న ప్రభుత్వానికీ మాట చెల్లేది 10 శాతమే. 2023లో వామపక్ష అధ్యక్షుడు లూలా ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది దీని మీదే.

అమ్మకం కంటే దానికోసం చేసిన 2021 నాటి చట్టం ఇంకా ఆసక్తికరం. బ్రెజిల్ వాళ్లకో సామెత ఉంది: తాబేలు చెట్టెక్కదు, చెట్టు మీద కనిపించిందంటే ఎవరో పెట్టారన్నమాట. బిల్లులో సంబంధం లేకుండా దూర్చే నిబంధనల్ని అక్కడ ‘తాబేళ్లు’ అంటారు. ఈ చట్టంలోని పెద్ద తాబేలు 8,000 మెగావాట్ల గ్యాస్ కరెంటు కేంద్రాలు. గ్యాస్ పైపులైను లేని ప్రాంతాల్లోనూ వాటిని పెట్టించి కరెంటు కొనాలని రాశారు! మార్కెట్‌కే వదిలేయాలని ఉపన్యాసాలిచ్చే సభ్యులే దీనికి చేతులెత్తారు. కుడిపక్షమంటే ప్రైవేటీకరణ అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లు ఈ తాబేలును ఓసారి చూడాలి.

ఇంకో మెలిక. 2019లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం తల్లి కంపెనీని అమ్మాలంటే చట్టసభ ఆమోదం కావాలి, పిల్ల కంపెనీకి అక్కర్లేదు. అందుకే ప్రభుత్వ చమురు సంస్థ పెట్రోబ్రాస్ అమ్ముడుపోలేదు గానీ బాహియా రాష్ట్రంలోని దాని రిఫైనరీ 2021లో అబుదాబీ సంస్థ ముబాదలా చేతికి పోయింది. తపాలా సంస్థ అమ్మకం బిల్లు అదే ఏడాది ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది.

ప్రశ్న: పార్టీ పేరు చూస్తే ఎడమో కుడో తెలుస్తుందా?
– పర్లాకిమిడి పాఠకురాలు

జవాబు: తెలియదండీ. ఇనుప ఖనిజం కంపెనీ వాలేను 1997లో, టెలిఫోన్ల సంస్థ టెలెబ్రాస్‌ను 1998లో అమ్మింది సోషల్ డెమోక్రసీ పార్టీ ప్రభుత్వం. 2021లో బొల్సొనారో చేరిన లిబరల్ పార్టీకి చెందిన జోసే అలెంకార్ 2003లో లూలా పక్కనే ఉపాధ్యక్షుడయ్యారు. ఓటింగ్ మిషన్ మీద నొక్కే పార్టీ నంబర్లు గుర్తుపెట్టుకోవడం మేలు: లూలా పార్టీ 13, లిబరల్ పార్టీ 22.

ప్రశ్న: మా రాయగడ, గుణుపురం అసెంబ్లీ సీట్లు ఎస్టీ రిజర్వుడు. అక్కడ నల్లజాతివారికి ఇలాంటి సీట్లున్నాయా? లేకపోతే కుడి పార్టీలు వాళ్లను ఎందుకు నిలబెడతాయి?
– రాయగడ నుంచి ఇద్దరు పాఠకులు

జవాబు: రిజర్వుడు సీట్లు లేవు. ఉన్నది డబ్బు లెక్క. ఎన్నికల ఖర్చుకు ప్రభుత్వమే పార్టీలకు నిధి ఇస్తుంది. అందులో 35 శాతాన్ని ప్రతినిధుల సభకు పడిన ఓట్ల ప్రకారం పంచుతారు. 2021 రాజ్యాంగ సవరణ ప్రకారం, 2022 నుంచి 2030 వరకు జరిగే ఎన్నికల్లో మహిళలకో నల్లజాతి అభ్యర్థులకో పడ్డ ఓటును ఈ పంపకంలో రెండుగా లెక్కిస్తారు. నల్లజాతి మహిళకు పడితే నాలుగు కాదు, రెండే.

జాతి ఏమిటో చెప్పేది అభ్యర్థే. మన తహసీల్దారు ఆఫీసు కుల ధ్రువపత్రం లాంటిది అడగరు. ఐదు గడులుంటాయి: తెలుపు, నలుపు, మిశ్రవర్ణం అంటే ‘పార్డో’, పసుపు, ఆదివాసీ. నలుపు, పార్డో కలిపి నల్లజాతి లెక్క. 2022 జనగణనలో పార్డోలు 45.3 శాతం, తెల్లవాళ్లు 43.5 శాతం. హద్దు ఎక్కడుందో ఎవరూ గీత గీసి చూపలేరు. అదే ఏడాది బాహియా గవర్నరు పదవికి పోటీచేసిన ఏసీఎం నేతో, పేరున్న రాజకీయ కుటుంబం వారసుడు, పార్డో అని రాసుకుని పెద్ద దుమారానికి కారణమయ్యారు. ఓడిపోయారు కూడా.

అంతా డబ్బు కోసమేనంటే మాత్రం పొరపాటు. ఈ సవరణ రాకముందే, 2018లో, బొల్సొనారోకు సన్నిహితుడైన నల్లజాతి మాజీ సైనికుడు ఎలియో లోపెస్ రియో రాష్ట్రంలో అందరికంటే ఎక్కువగా 3,45,234 ఓట్లు తెచ్చుకున్నారు. సావో పాలో నగర సభకు 2016లో గెలిచిన ఫెర్నాండో హాలిడే నల్లజాతివాడు, స్వలింగ సంపర్కుడు, కోటాలకు గట్టి వ్యతిరేకి. ‘మా జాతి పేరు చెప్పి మాకు మెట్లు కట్టకండి’ అన్న వాదనకు కుడిపక్షంలో గిరాకీ ఉంది. ఆ మాట తెల్లవాడి నోట కంటే నల్లవాడి నోట వస్తేనే పార్టీకి లాభం. ఆ నాయకుడు నిజంగా నమ్మి అంటున్నా సరే, ఆ లాభం లాభమే.

ప్రశ్న: మా దగ్గర మహిళా సర్పంచ్ అంటే చాలాచోట్ల సంతకం ఆవిడది, పెత్తనం ఆయనది. అక్కడా అంతేనా?
– గుణుపురం పాఠకురాలు

జవాబు: అక్కడ ఇంకో అడుగు ముందుకేశారమ్మా. పార్టీ జాబితాలో కనీసం 30 శాతం మహిళలుండాలి. 9 మంది జాబితా అయితే ముగ్గురు. ఆ సంఖ్య నింపడానికి పేరు మాత్రం రాయించే అభ్యర్థుల్ని ‘నారింజపండ్లు’ అంటారు. మన మాటలో బినామీలు. కోర్టులు చూసే గుర్తులు మూడు: సున్నా ఓట్లో వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఓట్లో రావడం, ఖర్చుల లెక్క ఖాళీగానో మరొకరి లెక్కకు నకలుగానో ఉండటం, తన కోసం ప్రచారమే చేయకపోవడం. మోసం రుజువైతే ఆ ఒక్క మహిళతో పోదు. జాబితా మొత్తం రద్దవుతుంది, దాని మీద గెలిచినవాళ్లందరి సీట్లూ పోతాయి, ఓట్లు కొట్టేసి మళ్లీ లెక్కగడతారు.

ప్రశ్న: మిషన్ మీద 22 నొక్కితే ఎవరికి పడుతుంది?
– బరంపురం విద్యార్థి

జవాబు: అధ్యక్ష ఎన్నికైతే ఆ పార్టీ అభ్యర్థికి. ప్రతినిధుల సభకైతే అభ్యర్థి నంబరు నాలుగంకెలు, మొదటి రెండూ పార్టీవి. 22 దగ్గరే ఆగి పచ్చ మీట నొక్కితే ఓటు పార్టీ ఖాతాలో పడుతుంది. తెల్ల మీట నొక్కితే ఖాళీ ఓటు, చెల్లిన ఓట్లలోకి రాదు.

రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం. 8 సీట్లు, 8 లక్షల చెల్లిన ఓట్లు అనుకోండి, సీటు ధర లక్ష ఓట్లు. పార్టీకి, దాని అభ్యర్థులందరికీ కలిపి 3 లక్షల 40 వేలొస్తే 3 సీట్లు ఖాయం. మిగిలిన సీట్లకు వేరే భాగహారం ఉంది. పార్టీకొచ్చిన సీట్లు ఆ పార్టీలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లకు వరుసగా వెళ్తాయి, కాకపోతే ఒక్కొక్కరికి కనీసం సీటు ధరలో పదో వంతు, అంటే ఇక్కడ 10 వేలు, ఉండాలి. ఈ గడప 2016 ఎన్నికల నుంచి వచ్చింది. 2002లో ఇది లేనప్పుడు సావో పాలోలో ఎనేయాస్ కార్నేరో ఒక్కడే 15 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకుని తన పార్టీవాళ్లను ఐదుగురిని వెంట లాక్కెళ్లాడు. వాళ్లలో ఒకాయనకు వచ్చిన ఓట్లు 275. ఆ పార్టీ 2006లో విలీనమైంది ఈ 22 నంబరు లిబరల్ పార్టీతోనే.